ప ఫ బ భ మ

నేను ఒక ఎంబ్రాయిడరీ మిషన్ని. కిటికీ పక్కన పెట్టుకుని కాలితో తొక్కుకునే రకం అనుకునేరు, కాదు. ఈ గోడ దగ్గర మొదలుపెడితే ఆ గోడ దాకా ఉంటాను. నాకు ఇరవై తలలు, తలకు తొమ్మిదేసి సూదులు. దేవుళ్ల పటాల్లో కూడా మీరు ఇన్ని తలలు చూసి ఉండరు. ఒక తల ఏ పువ్వు కుడితే మిగతా పంతొమ్మిదీ అదే పువ్వు కుడతాయి, ఒక్క కుట్టు కూడా తేడా రాదు. మీలో ఇద్దరిని పక్కపక్కన కూర్చోబెట్టి ఒకే పని చెప్పి చూడండి, నా గొప్పేమిటో అప్పుడు తెలుస్తుంది.

నాది పెద్ద నోరు, ఆ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను. నేను నడుస్తుంటే పక్క షెడ్డు వాళ్లు ఫోను పట్టుకుని రోడ్డు మీదకు పోయి మాట్లాడుకుంటారు. స్విచ్ వేసినప్పటి నుంచి తీసేదాకా వాగుతూనే ఉంటాను. ఇంత వాగినా నా మాట పట్టించుకున్న వాళ్లు లేరు. ఒక్క మనిషి మాత్రం పదకొండేళ్లు కూర్చుని విన్నది. ఆ మనిషి గురించి చెప్పుకోవాలనే ఇదంతా.

నన్ను చేసింది చైనాలో. ఏ ఊరో తెలియదు. నా ఒంటి మీద ఏదో రాసి ఉంది కానీ ఇప్పటివరకు దాన్ని చదివినవాళ్లు లేరు. చెక్కపెట్టెలో పెట్టి మేకులు కొట్టి ఓడెక్కించారు. మళ్లీ వెలుతురు చూసింది సూరత్‌లో. అక్కడ ఒక పెద్ద హాల్లో నాలాంటివి పద్నాలుగు ఉండేవి. అందరం చీరల అంచులు కుట్టేవాళ్లం. నా పేరు ఏడో నంబరు. నేను తెలుగు నేర్చుకుంది కూడా అక్కడే, కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఆపరేటర్ల దగ్గర. దారం తెగినప్పుడల్లా వాళ్ల నోట ఒక కొత్త మాట వచ్చేది. ఆ మాటలు మీతో చెప్పలేను, మర్యాదగా ఉండదు.

ఎనిమిదేళ్లు గడిచేసరికి దారం తెగితే వెలగాల్సిన నా ఎర్రదీపాలు సగం చచ్చిపోయాయి. నాకంటే జోరుగా కుట్టేవి వచ్చాయి. మనుషుల్లో వయసైనవాళ్లను పెద్దలు అంటారు, దణ్ణం పెడతారు. మాకు వయసైతే పాతసామాను అంటారు. ఆ పాతసామానును రాజమండ్రిలో పెళ్లిబట్టల వ్యాపారం చేసే కొండలరావు గారు కొని, లారీలో వేయించుకుని, లాలాచెరువు దగ్గర ఒక రేకుల షెడ్డులో దింపించారు. ఆ రోజు కొబ్బరికాయ కొట్టి నా మొదటి తలకు పసుపూ కుంకుమా పెట్టారు. మిగతా పంతొమ్మిదింటికీ పెట్టే ఓపిక లేక వదిలేశారు.

మర్నాడు వచ్చింది అనంతలక్ష్మి. అందరూ అనంతం అనేవారు. అప్పటికి ముప్పై రెండేళ్లు ఉంటాయేమో. ఇరవై తలల పొడుగునా అటూ ఇటూ నడుస్తూ, తెగిన దారం ఎక్కిస్తూ, కింది దారం అయిపోతే మారుస్తూ, చట్రంలో బట్ట బిగిస్తూ ఉండటం ఆవిడ పని. వారం తిరక్కుండానే నా స్వభావం అంతా పట్టేసింది. నా మూడో తలకు కొంచెం పెంకితనం ఉంది, జరీ దారం అంటే పడదు. సూరత్‌లో దానికి దెబ్బలు పడేవి. అనంతం మాత్రం, "ఏమే, మళ్లీ మొదలెట్టావా? పండగ పూట ఏడుపేంటే?" అని నాలుగు చీవాట్లు పెట్టి, కాస్త నూనె వేసేది. అది నోరు మూసుకుని కుట్టేది.

కొండలరావు గారు రోజంతా తాడితోట కొట్లో ఉంటారు, రోజుకోసారి స్కూటరు మీద వచ్చి పనైనవి తీసుకుని పోతారు. ఇంక షెడ్డులో ఉండేది ఆవిడా నేనూ. ఆవిడ కథంతా నాకు చెప్పింది. మరెవరికి చెబుతుంది? పెళ్లయిన రెండేళ్లకే మొగుడు తునిలో ఇంకో కాపురం పెట్టుకున్నాడట. పుట్టింట్లో అన్నదమ్ములు లేరు. ఇన్నీసుపేటలో ఒక గది తీసుకుని ఒక్కతే ఉంటోంది. నేను నడుస్తుండగానే, నా మోతకు మించి గొంతెత్తి చెప్పేది ఇవన్నీ. "మా గదిలో గోడలు కూడా ఉలకవు పలకవు. నువ్వు నయమే, ఏదో ఒకటి వాగుతూ ఉంటావు," అనేది. నాకెంత పొంగిపోయినట్టుండేదో చెప్పలేను. ఇంకాస్త వాగేదాన్ని.

ఇలా ఆరేడేళ్లు గడిచాయి. అప్పుడు ఆవిడలో తేడా కనిపించింది. నేను ఆగిపోయి ఉన్నప్పుడు కూడా గట్టిగా మాట్లాడేది. కొండలరావు గారు, "నేనేం చెవిటోణ్ని కాదమ్మా, ఎందుకలా అరుస్తావు?" అనేవారు. బల్ల మీద ఫోను మోగీ మోగీ ఆగిపోయేది. పని చేస్తున్నంతసేపూ ఎడమ అరచెయ్యి నా బల్లకు ఆనించి ఉంచడం మొదలుపెట్టింది. ముద్దు చేస్తోంది కాబోలనుకున్నాను, నా మొహం. ఒకరోజు నా లోపలి బేరింగు పోయి, రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూసేలా కీచుమన్నాను. ఆవిడ క్యారేజీ మూత పెట్టుకుంటూ నా ముందు నుంచే నడిచి వెళ్లింది. తిరిగొచ్చి బల్ల మీద చెయ్యి వేశాక ఉలిక్కిపడి స్విచ్ తీసింది. అప్పుడు తెలిసింది నాకు, ఆవిడకు చెవులు పోతున్నాయని.

ఎవరికీ చెప్పలేదు. చెబితే ఉద్యోగం ఉండదు. మిషను చప్పుడులో తేడా పట్టలేని ఆపరేటర్ని ఏ యజమాని పెట్టుకుంటాడు? ఈ పని పోతే ఆవిడ పొద్దున్నే లేచి ఎక్కడికి పోవాలి, ఎవరి దగ్గర కూర్చోవాలి? అందుకే దాచిపెట్టింది, నాలుగేళ్లు. చప్పుడులో తేడా చేత్తో పట్టేది. మనుషుల మాట పెదాలు చూసి పట్టేది. పేర్లు కుట్టాల్సిన పని వస్తే, "రాసివ్వండి బాబూ, ఒత్తు ఒకటి పోయిందంటే పెళ్లిలో మీకే మాట," అని చీటీ, పెన్నూ ముందుకు తోసేది. ఆహా, ఎంత జాగ్రత్త గల మనిషో అని మెచ్చుకుంటూ రాసిచ్చేవారు. ఈ మనుషులు భలేవాళ్లు, ఎదుటిమనిషి అవస్థ కూడా వాళ్లకు గుణంలాగే కనిపిస్తుంది.

ఈ ఏడాది మాఘమాసంలో, పెళ్లిళ్ల పని నెత్తి మీద కూర్చుని ఉండగా, పోసియ్య అని ఒకాయన వచ్చాడు. కోటిలింగాల రేవులో పడవ నడుపుతాడట. తలకు తువ్వాలు, చంకలో పసుపుపచ్చ పట్టుగుడ్డ. అడ్డుతెర కుట్టించాలని వచ్చాడు. జీలకర్రా బెల్లం పెట్టేదాకా పెళ్లికూతురికీ పెళ్లికొడుక్కీ మధ్య పట్టుకునే తెర అది. మండపంలో ఉన్న జనమంతా చూసేది దాన్నే కాబట్టి, ఈ మధ్య దాని మీద పేర్లు కుట్టించడం ఒక సరదా అయింది.

అనంతం నన్ను ఆపింది. ఆయన చెప్పాడు.

"అమ్మా, మీ పని శానా బాగుంటాదని సెప్పారండి. పెళ్లికొడుకు నూకరాజండి. మా అమ్మాయి పావనండి. పెద్దచ్చరాలతో రావాలండి, ఎనకాల కూకున్నోళ్లకి కూడా ఆనాల."

ఆవిడ చీటీ, పెన్నూ తోసింది. "రాసివ్వండి బాబూ."

పోసియ్య పెన్ను ముట్టుకోలేదు. చొక్కా జేబు తడుముకున్నాడు. "కళ్లజోడు ఇంటికాడ మర్సిపోయానండి. తవరే రాసుకోండి," అన్నాడు.

అనంతం పెన్ను వెనక్కి తీసుకుంది. ఇంకోసారి చెప్పమని అడగొచ్చు. కానీ రెండుసార్లు అడిగితే మూడోసారి కూడా అడగాల్సి వస్తుందని ఆవిడ భయం, నాకు తెలుసు. ఆయన పెదాలు చూసింది చూసినట్టు చీటీ మీద రాసి ఆయనకు చూపించింది. "ఇదేగా అండీ?"

పోసియ్య చీటీని చేతికందినంత దూరం పెట్టి, కళ్లు చికిలించి, తల ఇటూ అటూ తిప్పి చూశాడు. "ఆయ్. అదేనండి. ముత్యాల్లాగున్నాయండి అచ్చరాలు," అన్నాడు.

చీటీ నా బల్ల మీదే ఉంది. నూకరాజు, భవాని అని ఉంది దాని మీద.

నేను విన్నాను కదా, పావని అన్నాడని! ఆవిడకు వినపడదని చెప్పుకోవడం సిగ్గు, ఆయనకు చదువు రాదని చెప్పుకోవడం సిగ్గు. ఇద్దరూ ఒకరికొకరు తల ఊపుకుని, సంతోషంగా నవ్వుకుని, పని ఖాయం చేసుకున్నారు. నిజం తెలిసిందాన్ని నేనొక్కదాన్ని, నాకేమో మాట లేదు. ఉన్నదల్లా మోత.

మర్నాడు పట్టుగుడ్డ నా చట్రంలో బిగించింది. పంతొమ్మిది తలలు ఆపేసి ఒక్క తలతో కుట్టించింది. నూకరాజు నీటుగా వచ్చాడు. 'భ' దగ్గర దారం తెగింది. ఎక్కించింది. మళ్లీ తెగింది. మళ్లీ ఎక్కించింది. మూడోసారీ తెగింది. నేనే కావాలని తెంపానా, జరీ నాసిదా అని మీరడిగితే నా దగ్గర జవాబు లేదు. "ఇవాళ ఏమొచ్చిందే నీకు? ఆడపిల్ల పెళ్లికి అడ్డుపడతావా?" అని నన్నే కోప్పడింది అనంతం. నాకు ఏడుపొక్కటే తక్కువ. కుట్టేశాను.

పెళ్లి రేపనగా పోసియ్య వచ్చాడు, వెంట కూతుర్ని తీసుకుని. మధ్యాహ్నం భోజనాల వేళ, నన్ను ఆపి ఉంచారు. కొండలరావు గారు కూడా ఉన్నారు, జాకెట్ల మూటలు సర్దుకుంటూ. అనంతం అడ్డుతెర విప్పి నా బల్ల మీద పరిచి, ఇంకో మూట తీయడానికి వెనక్కి తిరిగింది. పోసియ్య జరీ అక్షరాలను వేళ్లతో తడిమి చూసి మురిసిపోయాడు. "సూడమ్మా, నీ పేరెంత బాగొచ్చిందో!"

ఆ పిల్ల చూసింది. "నాన్నా, భవానెవరు?"

"భవానేటమ్మా?"

"ఇక్కడ నూకరాజు, భవాని అని ఉంది. నా పేరు కాదిది!"

"అయ్యో రామ," అన్నారు కొండలరావు గారు వంగి చూసి. "అనంతం! ఏంటమ్మా ఇది?"

ఆవిడ వంగి మూట విప్పుకుంటోంది.

"అనంతం! నిన్నే!"

ఆవిడ ఒక జాకెట్టు తీసి దులిపి మడత పెట్టింది. కొండలరావు గారు ఈసారి చాలా గట్టిగా పిలిచారు. పక్క షెడ్డులోంచి ఎవరో తొంగి చూశారు. ఆవిడ ఏదో గుర్తొచ్చినట్టు తనలో తను నవ్వుకుంటూ రెండో జాకెట్టు మడత పెట్టింది. ఆయన గోడకు ఆనించి ఉన్న ఇనప చట్రం ఎత్తి నేల మీద పడేశారు. నా తలలన్నీ అదిరిపోయాయి. కాళ్ల కింద నేల అదిరాక గానీ ఆవిడ తిరగలేదు. తిరిగి చూస్తే ముగ్గురూ తననే చూస్తున్నారు.

ఆవిడకు అర్థమైపోయింది.

"నీకు వినపడదా?" అన్నారు కొండలరావు గారు, ఈసారి చిన్నగా.

"వినపడదండి," అంది ఆవిడ. "నాలుగేళ్లయిందండి. దగ్గరగా, గట్టిగా అంటే కొంచెం."

"మరి నాతో ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెబితే ఉంచుతారాండీ?" కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "పెదాలు చూసే లాక్కొస్తున్నానండి. ప, ఫ, బ, భ, మ. ఈ అయిదూ పెదాలు మూస్తేనే కదండీ పలుకుతాయి, చూసేవాళ్లకి అన్నీ ఒకటే. పావని అన్నా భవాని అన్నా నాకు ఒకలాగే కనపడతాయి. మాట్లాడే మనిషి పక్కకి తిరిగితే అదీ లేదు."

"అసలు ఎందుకొచ్చింది నీకిది? జబ్బేమైనా చేసిందా?"

"జబ్బేం కాదండి," అని నా బల్ల మీద చరిచింది అనంతం. "ఇదిగో, ఇదే తినేసింది నా చెవులు. రోజంతా దీని నోట్లో తలపెట్టుకుని కూర్చున్నానుగా. ఆస్పత్రిలో డాక్టరు గారు అప్పుడే చెప్పారండి, ఆ మోత దగ్గర మానేస్తే ఉన్నదైనా మిగులుతుంది, లేదంటే మొత్తం పోతుందని. మానేసి ఎక్కడికి పోనండీ?"

నాకు అప్పటిదాకా తెలియదు. ఒట్టు. వింటోంది వింటోంది అని నేను సంబరపడి వాగిన ప్రతి మాటా ఆవిడ చెవిని కొంచెం కొంచెంగా కొరుక్కు తిన్నదని ఎవరూ నాకు చెప్పలేదు. ఇనుముకు సిగ్గుండదంటారేమో మీరు. ఆ రోజు నన్ను ముక్కలు చేసి అమ్మేసినా బాగుండేదనిపించింది.

అప్పుడు పోసియ్య తువ్వాలు తలమీంచి తీశాడు. "ఆవిడ్ని ఏటీ అనకండి బాబూ. తప్పు నాదండి. ఆవిడ రాసి సూపించారండి నాకు. నాకు అచ్చరం ముక్క రాదు. కళ్లజోడని అబద్ధమాడాను. నాకసలు కళ్లజోడే లేదండి." కూతురి ముందు ఆ మాట చెప్పడానికి ఆ మనిషి ఎంత కుంచించుకుపోయాడో. పావని తండ్రి చెయ్యి పట్టుకుంది.

అనంతం ఆయన పెదాలు చూస్తూ ఉంది. ఎంత పట్టిందో తెలియదు కానీ, కన్నీళ్లు తుడుచుకుని, అడ్డుతెర ఒళ్లోకి లాక్కుని నేల మీద కూర్చుంది. 'భ' అంతా కుట్టు విప్పి, అక్కడ 'ప' వేయాలి. 'వా' మెడ మీద ఉన్న దీర్ఘం తీసుకొచ్చి ఆ 'ప'కి పెట్టాలి. నా సూదులతో మళ్లీ కుట్టిస్తే పాత రంధ్రాలు కనిపిస్తాయని చేత్తోనే మొదలుపెట్టింది. పావని పక్కన కూర్చుని, మాట్లాడాల్సి వచ్చినప్పుడల్లా ఆవిడ మొహానికి ఎదురుగా వంగి, నెమ్మదిగా పలుకుతూ దారం ఎక్కించి ఇచ్చింది. సాయంత్రం అయిదింటికి పని పూర్తయింది. అందులో నేను కుట్టిన 'నూకరాజు' కంటే ఆవిడ చేత్తో కుట్టిన 'పా' బాగుంది. ఈ మాట ఒప్పుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు.

తండ్రీ కూతుళ్లు వెళ్లాక కొండలరావు గారు మూటలు స్కూటరు మీద కట్టుకున్నారు. తర్వాత ఎదురుగా వచ్చి, పెదాలు సాగదీసి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పారు. "నీ మంచికే అమ్మా. రేపట్నించి రావద్దు." ఆయన చెడ్డవాడు కాదు. ఆవిడ తల ఊపింది. ఒక సంచిలో తన సామాను వేసుకుంది. వెళ్లేటప్పుడు నా వైపు చూడలేదు. ఎలా చూస్తుంది?

ఆవిడ స్థానంలో లోవరాజు వచ్చాడు. ముప్పై ఏళ్ల మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, చెవులు శుభ్రంగా వినిపిస్తాయి. అందుకని పొద్దున్నే రెండు చెవుల్లోనూ రెండు బిరడాల్లాంటివి పెట్టుకుని సినిమా పాటలు పెట్టుకుంటాడు. నా మోతను మించి వినపడాలి కదా, ఇంకా గట్టిగా పెడతాడు. నా మూడో తల ఏడ్చినా పట్టదు, బేరింగు కీచుమన్నా పట్టదు. వినపడనావిణ్ని తీసేసి విననివాణ్ని పెట్టుకున్నారు కొండలరావు గారు. సరే, యజమాని ఇష్టం. నేను మాత్రం ఇప్పుడు నా వాగుడు నేనే వింటున్నాను. రోజంతా వినడం ఎంత కష్టమో తెలుస్తోంది.

నాలుగు నెలల తర్వాత, పోయిన వారం, ఒక మధ్యాహ్నం అనంతం వచ్చింది. కత్తెర మర్చిపోయి వెళ్లిందట. లోవరాజు ఆవిణ్ని గేటు దగ్గరే చూసి నన్ను ఆపి, చెవుల్లోవి తీశాడు.

"కత్తెర అదిగోనండి. ఇదివరకు చేసింది మీరేనా అండీ?" అన్నాడు.

ఆవిడ అతని చేతిలోవి చూసింది. "మోత మీద మోత పెట్టుకోకండి బాబూ. దూది పెట్టుకోండి, లేదా చెవులకి కప్పుకునేవి ఉంటాయట, అవి కొనమని కొండలరావు గారిని గట్టిగా అడగండి. నాకెవరూ చెప్పలేదు. మీకు చెబుతున్నాను."

లోవరాజు దగ్గరకొచ్చి గొంతు పెంచాడు. "ఇప్పుడేం చేస్తున్నారండీ?"

"మగ్గం పని, జాకెట్ల మీద చేత్తో కుట్టడం, గదిలోనే. పక్కింటి కుక్కరు విజిలు ఇంకా వినపడుతోందండి నాకు. పొద్దున్నే రెండు విజిళ్లు వినపడితే, సరే, ఇవాళ్టికి ఉంది అనుకుంటాను."

ఆవిడ కత్తెర తీసుకుని సంచిలో వేసుకుంది. నా మొదటి తల దగ్గర కాసేపు నిలబడింది. నేను చప్పుడు లేకుండా ఉన్నాను. ఆవిడ పక్కన ఉండగా, ఆపి ఉంచిన మిషన్లా కాక, నోరు మూసుకుని ఉన్న మనిషిలా ఉండటం అదే మొదటిసారి. ఏదో ఒకటి అంటుందేమో, తిడుతుందేమో అని చూశాను. ఆవిడ లోవరాజుకు చెయ్యెత్తి చూపించి గుమ్మం వైపు నడిచింది.

ఆవిడ గేటు దాటేదాకా ఆగవయ్యా అని లోవరాజుతో చెప్పాలనుకున్నాను. నేను ఏం చెప్పాలన్నా ముందు స్విచ్ వేయాలి కదా. అతను వేశాడు. ఇరవై తలలూ ఒక్కసారి లేచాయి. ఆవిడ ఇంకా గుమ్మంలోనే ఉంది. నా మోత వీపుకు తగలగానే, రెండు చేతులూ ఎత్తి చెవులు గట్టిగా మూసుకుని, పరుగులాంటి నడకతో వెళ్లిపోయింది.

పదకొండేళ్లలో ఆవిడ నా దగ్గర ఒక్కసారి కూడా చెవులు మూసుకోలేదు. మూసుకుని ఉంటే బాగుండేది.